పండుటాకుకు ప్రతిపదార్థం

వ్యాఖ్యానానికి ఒక వాక్యం కావాలి కనుక ఇది పెట్టుకుందాం: "పొద్దు తగ్గాక ఆకు పచ్చదనం కోల్పోయి, పసుపెక్కి, ఎరుపెక్కి, తొడిమ వీడి రాలుతుంది." వినడానికి బాగానే ఉంది. విడదీస్తేనే పేచీలు.

పొద్దు తగ్గాక: అమెరికా ఈశాన్యాన వెర్మాంట్ లాంటి చోట్లకు ఇది సరిపోతుంది. అక్కడ జూన్‌లో పగలు 15 గంటలు దాటుతుంది, డిసెంబరులో 9 గంటలకు పడిపోతుంది. చలి ముదరకముందే మేపుల్ చెట్టుకు ఆ తగ్గుదలే కబురు. హైదరాబాదులో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటల చిల్లర. నల్లమల టేకు శిశిరంలో ఆకు దులిపేది ప్రధానంగా నేలలో తడి ఆరిపోతుందని. అక్కడ గడ్డకట్టిన నేల, ఇక్కడ ఎండిన నేల. వేరుకు రెండూ ఒకటే, నీళ్లు అందవు.

పచ్చదనం కోల్పోయి: ఈ మాట అన్యాయం. ఆకులోని నత్రజని ఎక్కువగా ప్రోటీన్లలో ఉంటుంది. చెట్టు వాటిని విడగొట్టి నత్రజనినీ భాస్వరాన్నీ కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. సుమారు సగం, కొన్ని జాతుల్లో ఇంకా ఎక్కువే వెనక్కి వస్తుంది. ఇది సాగే వారాల్లో పత్రహరితంతో చిక్కు. పట్టి ఉంచిన ప్రోటీన్ పోయినా అది వెలుతురు పీలుస్తూనే ఉండి కణాలను పాడుచేయగలదు. అందుకే దాన్ని రంగులేని పదార్థాలుగా విరగ్గొట్టి కణంలోనే ఓ మూల పడేస్తుంది. దాంట్లోని కాస్త నత్రజని అక్కడితో సరి. ఆ రంగులేని పదార్థం నిర్మాణం 1991లో గానీ తేలలేదు. ఏటా అందరి కళ్లెదుటా జరిగే పనికి ఇంత ఆలస్యమా అనిపిస్తుంది, కానీ రంగులేనిదాన్ని ఎక్కడని వెతుకుతారు?

పసుపెక్కి: ఎక్కేదేమీ లేదు. కెరోటినాయిడ్లు అనే పసుపు రంగులు ముందునుంచీ ఆకులోనే ఉన్నాయి. పత్రహరితం పోయాక బయటపడతాయి.

ఎరుపెక్కి: ఇది మాత్రం నిజంగా ఎక్కేదే. రాలబోయే మేపుల్ ఆకు చక్కెర ఖర్చుపెట్టి ఆంథోసయనిన్ అనే ఎర్ర రంగును తయారుచేస్తుంది. ఎండ కాసే పగళ్లు, చల్లటి రాత్రులు కలిసొస్తే ఎరుపు చిక్కనవుతుంది. పోయే ఆకు మీద ఈ ఖర్చెందుకు? నత్రజని తరలింపు ముగిసేదాకా వెలుతురు దెబ్బ తగలకుండా అని ఒక వాదం. పేనుబంకకు హెచ్చరిక అని జీవశాస్త్రవేత్తలు విలియం హామిల్టన్, శామ్ బ్రౌన్ 2001లో మరో వాదం తెచ్చారు. అది అచ్చయ్యేనాటికి హామిల్టన్ లేడు. పేనుబంకకు ఎరుపు సరిగా కనబడదే అన్నది దీనికి గట్టి ఆక్షేపణ. నా మొగ్గు మొదటి వాదం వైపే. మన ఊళ్లలో ఈ ఎరుపు చూడాలంటే వీధి బాదం చెట్టు కిందికి వెళ్లాలి.

తొడిమ వీడి: తొడిమ మొదట్లో ఒక సన్నని కణాల వరస ఉంటుంది. ఆకు చురుగ్గా ఉన్నంతకాలం దాన్నుంచి వచ్చే ఆక్సిన్ అనే హార్మోను ఆ వరసను కదలనివ్వదు. ఆక్సిన్ తగ్గి ఎథిలీన్ అనే వాయువుది పైచేయి అయితే, కణాలను అంటించి ఉంచే జిగురును కరిగించే ఎంజైములు పుడతాయి. తపాలా బిళ్లల మధ్య చిల్లుల్లా, తెగే చోటు ముందే సిద్ధంగా ఉంటుంది. కొమ్మ వైపు గాయం మూసుకునే పొర కూడా కట్టుకుంటుంది. 19వ శతాబ్దపు యూరప్ నగరాల్లో వీధి దీపాల గ్యాసు గొట్టాలు కారిన చోట చెట్లు అకాలంగా ఆకులు దులిపేవి. ఆ గ్యాసులో మొక్కల మీద పనిచేసేది ఎథిలీన్ అని 1901లో రష్యాలో దిమిత్రి నెల్యుబోవ్ బఠాణీ మొలకల మీద తేల్చాడు. మామిడికాయలను మగ్గబెట్టేదీ ఇదే.

రాలుతుంది: అసలు పేచీ ఇక్కడ. ఆకు చచ్చి రాలేదే అయితే నరికిన కొమ్మ ఆకులు ముందు రాలాలి. పెళ్లి పందిరికి కట్టిన మామిడి కొమ్మలు చూడండి, ఆకులు ఎండి చుట్టుకుపోయినా కొమ్మను పట్టుకునే ఉంటాయి. తొడిమ దగ్గర తెగాలంటే బతికున్న కణాలు పనిచేయాలి. కనుక వాక్యంలో కర్తను మార్చాలి, ఆకును చెట్టు రాలుస్తుంది. ఓక్, బీచ్ లేత చెట్లు ఈ పని సగంలో ఆపి, ఎండుటాకులను వసంతం దాకా మోస్తాయి. లేత మొగ్గలను జింకలు మేయకుండా అని కొందరంటారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.