చవుటిమన్ను – ఇత్తడి తూటా

మంత్రాలయమునకు వచ్చు యాత్రికుడు తుంగభద్రలో మునిగి, బృందావనమును సేవించి, పరిమళ ప్రసాదము మూటగట్టుకొని మరలిపోవునే గాని, ఆ యూరికి పూర్వనామము మంచాల యనియు, దానిని రాఘవేంద్రస్వామివారికి సమర్పించినవాడు విజాపుర సుల్తానుల పక్షమున ఆదోని దుర్గము నేలుచుండిన సిద్ది మసూద్‌ఖాననియు తలచుకొనువారు కొందరే. స్వామివారు 1671లో సజీవముగ బృందావన ప్రవేశము చేసిరి. రెండు దశాబ్దములైన తిరుగకమునుపే ఔరంగజేబు సేనలు ఆదోనిని గైకొనెను. మరి నూరేండ్లకు, 1786లో, టిప్పు సుల్తాను దానిని ముట్టడించి పట్టుకొనెను. తపస్సునకు అనువైన ఈ యేటియొడ్డు నలుదెసల కోటలే. కోట యున్నచోట తుపాకి, తుపాకి యున్నచోట మందు ఉండక తప్పదు. కోటల కథలు, ఫిరంగుల పేరులు చరిత్రకారులు వ్రాసిరి. మందు కాచినవాని కథ, గుండు పోసినవాని కథ, కొలిచి దట్టించినవాని కథ వ్రాసినవారు అరుదు. నా యాసక్తి యంతయు ఆ చేతిమీదనే.

మన భాషలో రోగము కుదుర్చునదియు మందే, ప్రాణము తీయునదియు మందే, మత్తెక్కించునదియు మందే. తుపాకిలో పోయు మందు మాత్రము మూడు వస్తువుల కూర్పు: పెట్లుప్పు, బొగ్గు, గంధకము. వీనిలో గంధకమొక్కటే రేవులనుండి రావలసిన పరాయి సరకు. తక్కిన రెండును ఈ మెట్టసీమ తన యొడిలోనుండియే తీసి యిచ్చెడిది. వానలెరుగని ఈ నేలలో వేసవి ముదిరినకొలది పాతగోడల పాదులందును, పశువుల దొడ్లయందును, పాడుపడిన గ్రామముల దిబ్బలపైనను తెల్లని చవుటిపూత పొంగును. నిత్యవర్షములు గల సీమలలో ఆ క్షారము నీటితో కొట్టుకొనిపోవును. ఇచ్చట ఎండయే దానిని పైకి లాగి నిలిపి యుంచును. ఆ మన్నును గీకి తెచ్చి, అడుగున గడ్డి పరచిన గుంటలో నింపి, పైని నీరు పోసి, దిగువకు బొట్టుబొట్టుగ దిగిన ఊటను కాచి చల్లార్చినచో పెట్లుప్పు పలుకులు కట్టును. తిండియుప్పు తీయు పద్ధతియు ఇంచుమించు ఇదియే. ఉప్పరవారికి ఆ పేరు ఉప్పునుండియే వచ్చినదని పెద్దల మాట. అనంతరకాలమున ప్రభుత్వము ఉప్పుపై పన్ను బిగించి, 1889లో మద్రాసు ఉప్పు చట్టము చేసి, చవుటిమన్ను కాచుటనే నేరముగ నెంచిన పిదప ఆ గుంటలు పూడిపోయినవి. పూడినది ఉప్పు వ్యాపార మొక్కటియే కాదు.

బొగ్గు సంగతి మరింత సొగసైనది. మందునకు గట్టికట్టె బొగ్గు పనికిరాదు. తేలికగ, మెత్తగ, చప్పున అంటుకొనునది కావలయును. ఐరోపావారు నీరువంజి జాతి చెట్లను కాల్చిరి. మనవారికి జిల్లేడు కలదు, కందికట్టె కలదు. పప్పు తినగా మిగిలిన కందిపుల్ల ఈ దేశమున పొయ్యిలోనికే గాక, దొరలు పెట్టించిన మందు కార్ఖానాలకు సయితము బొగ్గయి చేరెడిది. ఇక గుండునకు వలయు సీసము: కడపసీమలో జంగంరాజుపల్లె చెంత పూర్వులు త్రవ్వి విడిచిన సీసపుగనుల గుంటలను 19వ శతాబ్దిలో భూగర్భశాస్త్రజ్ఞులు చూచి వ్రాసికొనిరి. ఇట్లు చవుడు, కంది, సీసము మూడును చేతికందు దూరమున నుండుటచేత, బోయ వేటగాడైనను, పాలెగాని కొలువులోని బంటైనను, తన తుపాకికి తానే తిండి పెట్టుకొనగలిగెను.

ఆ తిండి పెట్టు విధము సులువు కాదు. గొట్టము మూతినుండి మందు పోసి, పేలిక క్రుక్కి, గుండు జారవిడిచి, గజముతో దట్టించి, చెవి కడ రంజకము చల్లి, జామగి అంటించి, గాలియు వానయు కరుణించినచో అది ప్రేలును. ఎంత మందు పోయవలయునో చెప్పుటకు గ్రంథము లేదు. తుపాకికొక కొలత, గుండునకొక కొలత, ఎండకొక కొలత. అరచేత గుండు నుంచి, అది మునుగునంత మందు పోసినచో చాలునని లోకమున పలుచోట్ల పాతకాలపు వేటగాండ్రు నమ్మిరి. తక్కువైనచో గుండు చచ్చుగ పడును. ఎక్కువైనచో గొట్టము పగిలి కన్నో చేయో పోవును. కావున కొలత తెలిసిన చేతికి దండులో గౌరవ ముండెడిది.

ఆ గౌరవమునకు తొలి దెబ్బ కాగితము కొట్టినది. 1751లో హైదరాబాదు నవాబు సలాబత్‌జంగును వెంటబెట్టుకొని ఫ్రెంచి సేనాని బుస్సీ కర్నూలు కోటను పట్టుకొన్నప్పుడు, అతని సిపాయిల సంచులలో మందును గుండును ముందుగనే కొలిచి చుట్టిన కాగితపు పొట్లము లుండెను. సిపాయి పొట్లమును పండ్లతో చించి, గొట్టములో పోసి దట్టించుటే. కొలత వాని పని గాదు, ఎవడో గిడ్డంగిలో కూర్చుండి చేసిన పని. నిముషమునకు రెండు మూడు తడవలు కాల్చు ఆ వరుసల యెదుట, జామగి యూదుకొనుచు మందు కొలుచుకొను బంటు నిలువలేకపోయెను. పండ్లతో చించు పొట్లమే 1857లో ఉత్తరదేశమున ఎంత మంట రేపినదో చెప్పనక్కరలేదు. మద్రాసు సేన మాత్రము చాలమట్టుకు ఊరకుండెను.

1800లో నిజాము ఈ జిల్లాలను కుంఫిణీవారికి దత్తము చేసినప్పుడు ప్రిన్సిపల్ కలెక్టరుగ వచ్చిన తామస్ మన్రో మంత్రాలయమున స్వామివారి దర్శనమును, అక్షతలను పొంది, మఠము మాన్యమును నిలిపెనని భక్తులు నేటికిని చెప్పుకొందురు. ఆ కథ యెట్లున్నను, ఆ మన్రోయే ఎనుబదిమంది పాలెగాండ్రను, వారి క్రింది ముప్పదివేల బంట్లను అణచినవాడు. ఒకచోట అక్షతలు దోసిట పట్టిన చేయి, వేరొకచోట కోటలు పడగొట్టించి తుపాకులు దింపించినది. నాకు ఇందులో వైరుధ్యము కానరాదు. శిస్తు వసూలు చేయదలచినవాడు మఠమునకు భయపడనక్కరలేదు, చవుటిమన్ను కాచుకొన నేర్చిన పల్లెకు భయపడవలసియుండెను.

తుంగభద్ర మంత్రాలయము దాటి దిగువకు పారి కర్నూలు చేరును. ఆ నగరమున 1839లో జరిగినది నా దృష్టిలో ఈ సీమ మందుగుండు చరిత్రకెల్ల శిఖరము. విచిత్రమేమన, ఆ శిఖరమున ప్రేలినది అత్యల్పము. నవాబు గులాం రసూల్‌ఖాను 1823 మొదలు ఏలుచుండెను. హైదరాబాదులో నిజాము సోదరుడు ముబారిజుద్దౌలా చుట్టును వహాబీ కుట్ర బయటపడిన వేళ, కర్నూలు నవాబును అందు భాగస్వామి యని దొరలకు అనుమానము తగిలెను. కర్నల్ డైసు సేనతో వచ్చి కోటలో ప్రవేశించినప్పుడు మొదట పెద్దగ ఏమియు కానరాలేదు. పిదప వెదకగా, అంతఃపుర మను జనానాలోను, తోటలలోను, మరుగు గోడల వెనుకను కొలుములు, పోతపోసిన ఫిరంగులు వందలకొలది, గుండ్లు, మందు రాశులు బయల్పడెను. రాణివాసపు మల్లెపందిళ్ల ప్రక్కనే కంచు కరిగి, మూసలలో పడి, గొట్టములై లేచినది. అన్ని యేండ్లు అన్ని బండ్ల బొగ్గును, లోహమును, పెట్లుప్పును ఆ గోడలలోనికి చేరవేసిన పనివారు ఎందరో; వారి పేరు ఒక్కటియు చరిత్రకెక్కలేదు.

నవాబునకు ఇది ఆంగ్లేయులపై పగయో, ఆయుధములపై వ్యసనమో చరిత్రకారులు తేల్చుకొందురు గాక. వ్యసనము పాలే అధికమని నా యనుమానము. ఏలయన యుద్ధము తలపెట్టినవాడు అంత సరంజామాను శత్రువునకు విడిచి బయటికి నడువడు. ఆతడు కోటను వదలి, తన రోహిలా అరబ్బు బంట్లతో ఏటియొడ్డున జోహరాపురమున విడిసెను. జీతము బాకీపడిన ఆ బంట్లు ఆతనిని కదలనీయలేదు. 1839 అక్టోబరు 18న అచ్చట జరిగిన పోరు కొద్దిసేపే. బంట్లు కత్తులతోను చేతి తుపాకులతోను పోరి కూలిరి. కోటలోని వందల ఫిరంగులలో ఒక్కటియు నోరు విప్పలేదు. నవాబును తిరుచిరాపల్లికి పంపిరి. మరుసటి యేడే ఆతడు అచ్చట హత్యకు గురియయ్యెను. కర్నూలు కుంఫిణీ పాలయ్యెను.

ఆపై ఏడేండ్లకు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానాపై పడెను. ఆతని వెంట నున్నవి జనానా ఫిరంగులు గావు. పల్లెల బోయల నాటుతుపాకులు, కత్తులు, వడిసెలలు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆతని నురిదీసి, తలను మూడు దశాబ్దములు కోటగుమ్మమున వ్రేలాడదీసియుంచిరి. ఇంటిలో కాచుకొన్న మందుతో ఈ సీమ చేసిన పెద్ద తిరుగుబాటులలో అదియే చివరిది.

తరువాతి మార్పు సీమలో పుట్టినది కాదు, ఐరోపా కార్ఖానాలలో పుట్టినది: ఇత్తడి గవ్వ. మందు, గుండు, అంటించు టోపీ మూడును ఒకే ఇత్తడి గొట్టములో బిగిసి, తూటా యను ఒక్క వస్తువయ్యెను. ఈ జాతిలో మన దేశమునకు చిరపరిచితమైనది త్రీ నాట్ త్రీ. 1888లో బ్రిటిషు సేన స్వీకరించిన ఈ తూటాలో మొదట పాత నల్లని మందునే బిళ్లగ అదిమి నింపిరి. కొలది యేండ్లకే పొగ యెత్తని కార్డైటు దాని స్థానము నాక్రమించెను. కార్డైటనగా సేమియా పుల్లల వంటి మందు. దాని వేడికి మెట్‌ఫర్డ్ పద్ధతిలో లోతు తక్కువగ కోసిన గొట్టపు గాళ్లు త్వరలో అరిగిపోవుటచే, 1895లో ఎన్‌ఫీల్డు పద్ధతి గాళ్లు వచ్చినవి; లీ-మెట్‌ఫర్డ్ తుపాకి లీ-ఎన్‌ఫీల్డయినది. మందు మారినందున తుపాకి పేరే మారినదన్నమాట. కలకత్తా చెంతనున్న డండంలో ఈ తూటాకే మెత్తని మూతిగల గుండు తొడిగిరి. దేహములో విచ్చుకొని ఘోరముగ చీల్చు ఆ గుండును 1899నాటి హేగు సభ నిషేధించినది. 1910లో మొనదేలిన కొత్తగుండు వచ్చెను; తూకము 174 గ్రెయినులు. మన కంసాలి లెక్కలో తులమునకు 180 గ్రెయినులు. అనగా గుండు తులమునకు రవంత తక్కువ. లోపలి కార్డైటు సుమారు ఇరువది గురిగింజల యెత్తు. గురిగింజలతో బంగారము తూచినవారికి ఆ తూకము కష్టమైనది కాదు. కష్టమల్లా కార్డైటు చవుటినేలలో మొలవకపోవుటయే. అది నీలగిరులలో అరువంకాడు కార్ఖానాలో తయారయ్యెడిది. తూటా పూనా చెంత ఖడ్కీలో బిగిసెడిది.

ఈ భేదము ఎంతటిదో మన్యమున తేలినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగ పడి తుపాకులను, తూటాలను పట్టుకొనెను. తుపాకులతో పాటు తూటాల నేల పట్టుకొనవలసివచ్చె? కొండలో అవి చేయుట అసాధ్యము గనుక. నరసింహారెడ్డి బంటు మందు అయిపోయినచో చవుడు కాచుకొనగలడు. రాజు అనుచరునకు తూటా అయిపోయినచో చేతిలో మిగులునది ఇనుపకడ్డీ. 1878నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేక ఆయుధము పట్టుటను, మందుగుండు చేయుటను నిషేధించుట ఒక యెత్తు. ఇత్తడి గవ్వ తానుగా చేసిన నిషేధము వేరొక యెత్తు. మొదటిదానిని పల్లె ధిక్కరింపవచ్చును. రెండవదానిని ధిక్కరింప వీలులేదు.

సేనలో వాడు తూటా ప్రజల చేతికి పోరాదని దొరలు త్రీ నాట్ త్రీని వేటగాండ్రకు నిషేధించిరి. అందుచే ఆస్ట్రియావారి మన్‌లిఖరు గవ్వనుండి పుట్టిన 315 తూటా ఇచ్చటి లైసెన్సుదారులకు మిగిలినది. దానిని కాల్చు బోల్టు రైఫిలు నేటికిని ఇషాపురమున తయారగుచున్నది. 1972 వన్యప్రాణి చట్టముతో వేట ముగిసి, ఆ రైఫిలు కావలివాని భుజమునకు పరిమితమైనది.

పశ్చిమదేశములలో మాత్రము పాత కొలతచేయి మరల మేల్కొన్నది. అచ్చటి అభిరుచిగలవారు కాల్చిన గవ్వను పారవేయక, దాని మెడను అచ్చులో నొక్కి, పాత టోపీ ఊడదీసి కొత్తది బిగించి, మందును గ్రెయినులలో తూచి, గుండు తొడిగి, తమ బోల్టు రైఫిలుకు సరిపోవు తూటాను తామే కట్టుకొందురు. త్రీ నాట్ త్రీ వారిని కొంత యేడ్పించును: యుద్ధపు బురదలోను ఇరుకుకొనరాదని సేనవారు తుపాకిలో ఆ తూటా కూర్చుండు గదిని విశాలముగ తొలిచిరి; అందుచే ప్రేలినపుడు ఇత్తడి సాగి, కొన్ని తడవలకే అడుగున చిట్లును. టోపీ సంగతి మరియు వింత. అమెరికావాడైన బెర్డాన్ కనుగొన్న టోపీని బ్రిటిషు సేన వాడెను. బ్రిటిషువాడైన బాక్సరు కనుగొన్నదానిని అమెరికావారు వాడిరి. బాక్సరు గవ్వకు నడుమ ఒకే రంధ్రము, పుల్లతో పొడిచిన టోపీ ఊడును. బెర్డానుకు రెండు సన్నని రంధ్రములు, నడుమ దిమ్మ. మన దేశమునకు వచ్చిన సేనాగవ్వలు బెర్డాను జాతివే. మరల నింపుకొన జూచువానికి అవి సహకరింపవు. ఎండ కూడ లెక్కలోనిదే: కార్డైటునకు వేడి తగిలినకొలది గొట్టములో ఒత్తిడి పెరుగును. కావుననే కొందరు ఆంగ్ల తయారీదారులు ఉష్ణదేశములకని తక్కువ మందు గల తూటాలను వేరుగ చేసిరి. ఆదోని మే నెల యెండ ఎట్టిదో వారికి ఎవరో చెప్పియుందురు.

ఇచ్చట మందు కూర్చు చేయి పూర్తిగ ఆరిపోలేదు. జాతరల బాణసంచాలో సవ్యముగను, కక్షల పల్లెలలో నాటుబాంబుగ అపసవ్యముగను బ్రదికినది. ఇత్తడి గవ్వ జోలికి మాత్రము అది పోలేదు. పోలీసు మైదానమున కాల్పుల అభ్యాసము ముగిసిన పిమ్మట కానిస్టేబుళ్లు వంగి గడ్డిలో వెదకుచుందురు. కాల్చిన ప్రతి తూటాకు ఖాళీ గవ్వ లెక్క చూపవలయును. ఒక్కటి తగ్గినను వెదకుట ఆగదు. ఏరిన గవ్వలను బట్టమీద పోసి, పదులుగ పేర్చి, పుస్తకములో సంఖ్య వేసి, సంచిలో కట్టి గిడ్డంగికి తిరిగి పంపుదురు.