సర్కారు రాగి నాణెములు: మచ్చలు, గ్రేడింగుపై విశ్వాసము

ఉత్తర సర్కారులలో చెలామణి నిమిత్తము ఈస్టిండియా కంపెనీవారు బర్మింగ్‌హాము చెంతనున్న మాథ్యూ బోల్టన్ యొక్క సోహో టంకశాలలో ఆవిరియంత్రములపై ముద్రింపించిన, 1794, 1797 తేదీలుగల రాగి నాణెములు రూపాయిలో 48వ వంతు, 96వ వంతు విలువలతో వెలువడినవి. వీనిపై ఒకవంక కంపెనీ లాంఛనమును, రెండవవంక హృదయాకృతిగల వర్తకముద్రయు గాననగును. సర్కారులైదింటిలో ఉత్తరపుకొనయగు చికాకోలు సర్కారులోనివే నేటి శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములు. విజయనగరప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సేనతో పోరి పద్మనాభమున నేలకొరిగినది 1794 జూలై 10వ తేదీన గావున, ఆ సంవత్సరాంకమును దాల్చిన రాగిబిళ్ళ ఈ సీమ సంగ్రాహకునికి వట్టి లోహఖండము కాజాలదు.

అట్టి నాణెము నేటి విపణిలో తరచు స్లాబు అనబడు పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగింపబడి, నాణెపు స్థితిని దెలుపు అంకెతో కూడిన చీటిని ధరించి కనబడును. అమెరికాలో విలియమ్ షెల్డన్ 1949లో పెద్ద సెంటు నాణెములకై కల్పించిన 70 అంకెల కొలమానమే, 1986లో పనికి పూనుకొన్న పి.సి.జి.ఎస్., 1987లో వెలసిన ఎన్.జి.సి. అను గ్రేడింగు సంస్థల మూలమున లోకవ్యాప్తమైనది. అందు 60 మొదలు 70 వరకు చేతులు మారని నాణెములకు చెందును. రాగివిషయమున అంకెకు తోడు వర్ణవిశేషణము గూడ జేర్తురు: ముద్రణవేళనాటి ఎరుపు నిలిచినదా, సగము గోధుమవన్నెకు దిరిగినదా, పూర్తిగా గోధుమయైనదా అని. ఈ విశేషణమును బట్టి ధర యనేక రెట్లు మారును. చిక్కంతయు నిక్కడనే యున్నది.

మచ్చలన్నియు నొక్క జాతివి కావు. నాణెమును చేబూని మాటలాడువాని నోటితుంపర గాని, వ్రేలి చెమట గాని, ధూళికణము గాని రాగిపై నిలిచిపోయినచో, కొంతకాలమునకు ఆ బిందువుచుట్టును ఆక్సైడు, సల్ఫైడు పొరలు గట్టి నల్లని చుక్క యేర్పడును. పి.వి.సి. సంచులలో నుంచిన నాణెములపై పచ్చని జిగట దేరును. అన్నింటికంటె భయంకరమైనది క్లోరైడు జాడ్యము: ఉప్పునందలి క్లోరైడు రాగితో గలిసి, తేమయు ప్రాణవాయువును సోకినప్పుడెల్ల ఆమ్లమును పుట్టించి, ఆ ఆమ్లము మరల రాగినే తినివేయగా, లేతపచ్చని పొడి రాలుచు, ఆరబెట్టి తేమను దూరముచేసినంతదాక ఆ క్రియ యాగదు. బారువ, కళింగపట్టణము, కోనాడ వంటి కడలితీర గ్రామముల యుప్పుగాలిలో దాచిన రాగికి ఈ ముప్పు మెండు. ఇక ఇంటింట రాగిచెంబులు తోమినట్లే చింతపండుతో నాణెమును తోమి మెరిపించుట యనునది పరమ ఘాతుకము. పులుపునకు పాతపొర యంతయు తొలగి యసహజమైన గులాబివన్నె బయల్పడగా, అట్టిదానికి గ్రేడింగు సంస్థలవారు అంకెను నిరాకరించి, దోషమును మాత్రము చీటిపై వ్రాయుదురు. సముద్రమే సర్వదా శత్రువనుటయు సరికాదు. మదరాసు ప్రెసిడెన్సీకై సోహోలో ముద్రితమైన 1808 నాటి పది, ఇరువది కాసుల నాణెములను మోయుచు 1809 జనవరిలో ఇంగ్లండు తీరపు గుడ్విన్ ఇసుకమేటలపై మునిగిన అడ్మిరల్ గార్డనర్ ఓడనుండి 1980ల నడుమ వెలికివచ్చిన రాశిలో, మిక్కిలి శిథిలమైనవానితోపాటు ఎరుపు మాయనివియు నుండినవి.

గ్రేడింగు జరిగిన పిమ్మట పెట్టెలో మచ్చ పుట్టినచో తప్పెవరిది? పెట్టె అంచులు శబ్దతరంగములతో అతుకబడినను అది వాయునిరోధకము గాదు. తేమ మెల్లమెల్లగ లోనికి జొరబడును. మూతవేయుటకు పూర్వమే కంటికందని మచ్చబీజము నాణెముపై నుండవచ్చును. కనుకనే పి.సి.జి.ఎస్. వారు 2010 నుండి రాగి నాణెముల వర్ణమార్పునకు తమ పూచీ వర్తింపదని ప్రకటించిరి. ఇందు మోసములేదు, ఉన్నదల్లా కొనువాని యజాగ్రత్త. చీటిమీది యంకె పరిశీలించిననాటి అభిప్రాయమే గాని శాశ్వతశాసనము కాదు. అంకె పెరుగునను నాసతో పెట్టెను పగులగొట్టి నాణెమును మరల పంపువా రెందరో యుండుటయు, ఒకే నాణెము వేర్వేరు పర్యాయములందు వేర్వేరంకెలు పొందుటయు దీనికి తిరుగులేని సాక్ష్యములు.

భారతీయునికి మరియొక ప్రతిబంధకము గలదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టము నూరేండ్లు నిండిన నాణెమును పురావస్తువుగ పరిగణించి, దానిని విదేశములకు పంపు నధికారమును కేంద్రప్రభుత్వమునకును, అది నియమించినవారికిని మాత్రమే యిచ్చుచున్నది. కావున ఇచ్చటి యింట దొరికిన సర్కారు రాగిని సంగ్రాహకుడు తానై అమెరికాకు పంపి యంకె తెచ్చుకొనజాలడు. అంతేగాక పెట్టెలకును చీటీలకును గూడ నకళ్ళు బయలుదేరినవి.

కావున 1794 నాటి నాణెమును స్లాబులో జూపిన వర్తకునితో బేరమాడుటకు ముందు, చీటిమీది గుర్తింపుసంఖ్యను సంస్థ పట్టికలో సరిచూచి, భూతద్దముతో లాంఛనపు సందులలో పచ్చనిపొడి గలదేమో వెదకి, పూచీపత్రములోని మినహాయింపులను జదివి, పిదప అంకెను మరచి నాణెమునకు వెలగట్టుడు.