ప్రతీకార కథకు ముగింపు ఏది? - బొబ్బిలి గాథ, గ్రీకు విషాద నాటకం

పుదుచ్చేరికి నైరుతి దిశలో ఉన్న బాహూరు చరిత్ర విద్యార్థులకు రెండు కారణాలచేత సుపరిచితం. తొమ్మిదవ శతాబ్దంలో పల్లవ నృపతుంగవర్మ కాలాన ఇక్కడి విద్యాస్థానానికి మూడు గ్రామాలు దానమైన సంగతి బాహూరు తామ్రశాసనం తెలుపుతున్నది. తొమ్మిది వందల ఏండ్ల తరువాత, 1752లో, ఇదే గ్రామ సమీపాన స్ట్రింజర్ లారెన్స్ నడిపిన ఆంగ్లసేన చేతిలో ఫ్రెంచిసేన ఓడిపోయింది. కర్ణాటకంలో ఫ్రెంచివారి బలం సన్నగిల్లుతున్నా, దక్కనులో బుస్సీ ప్రాబల్యం చెక్కుచెదరలేదు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. బాహూరు రణరంగాన్ని నడిపిన పుదుచ్చేరి రాజకీయమే ఆ విధంగా తెలుగునేలకు చేరి, బొబ్బిలి ఘోరానికి నేపథ్యమైంది.

బొబ్బిలి కథ తెలుగువారికి కొత్త కాదు. అయితే దానిని క్రీస్తుపూర్వం 458లో ఏథెన్సులో ప్రదర్శితమైన ఈస్కిలస్ నాటకత్రయం ‘ఒరెస్టియా’తో పోల్చి చూచినపుడు, ప్రతీకార కథలను మానవజాతి ఏ విధంగా కూర్చుకొంటున్నదో, ఆ కూర్పులో ఏది దాగిపోతున్నదో బోధపడుతుంది.

ముందుగా చారిత్రక విషయం. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజుకు, బొబ్బిలి ప్రభువు రంగారావుకు ఇరుగుపొరుగు వైరం ఉండేది. ఏటి నీటిని మళ్లించుకొనే తగాదాలు కూడా అందులో భాగమని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ వ్రాశాడు. సర్కారులకు తిరిగివచ్చిన బుస్సీకి విజయరామరాజు తోడ్పాటు అవసరమైంది. విజయరామరాజుకు ఫ్రెంచి ఫిరంగులు అవసరమైనాయి. బొబ్బిలిని విడిచి వేరొక చోటికి పొమ్మన్న ప్రతిపాదన రంగారావుకు సమ్మతం కాలేదు. 1757 జనవరి 24వ తేదీన కోట ముట్టడి జరిగింది. ఓటమి తప్పదని గ్రహించిన కోటలోనివారు స్త్రీలను, పిల్లలను తమ చేతులతోనే కడతేర్చి, తాము పోరాడి మరణించారు. రంగారావు నేలకొరిగాడు. అతని పసికుమారుని మాత్రం ఒక వృద్ధుడు కాపాడి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. కొద్దిరోజులకే బొబ్బిలి వీరులు రాత్రివేళ శత్రుశిబిరంలో చొరబడి విజయరామరాజును ఆయన డేరాలోనే పొడిచి చంపి, తామూ అక్కడే ప్రాణాలు విడిచారు. జనశ్రుతిలో ఆ ప్రతీకారానికి నాయకుడు తాండ్ర పాపారాయుడు, రంగారావు భార్య మల్లమ్మకు సోదరుడు.

ఇక ‘ఒరెస్టియా’ విషయం. మొదటి నాటకంలో ట్రాయ్ విజేత అగమెమ్నాన్ ఇల్లు చేరగానే భార్య క్లైటెమ్నెస్ట్రా అతనిని వధిస్తుంది. యుద్ధయాత్ర సాగడం కోసం అతడు తమ కుమార్తె ఇఫిజెనియాను బలి ఇచ్చినందుకు అది ప్రతీకారం. రెండవ నాటకంలో కుమారుడు ఒరెస్టిస్ తండ్రికోసం తల్లిని చంపుతాడు. మూడవదానిలో రక్తదోషాన్ని వెంటాడే ఎరినీ దేవతలు అతనిని తరుముకొంటూ వస్తారు. చివరకు అథీనా దేవి అరియోపగస్ గుట్టపై న్యాయసభను నెలకొల్పుతుంది. ఇరుపక్షాలూ వాదిస్తాయి, ఓట్లు సమానమవుతాయి, ఒరెస్టిస్ విముక్తుడవుతాడు. పిమ్మట అథీనా ఎరినీలను అనునయించి, నగరానికి మేలుచేసే దేవతలుగా అక్కడే నిలుపుతుంది.

ఈ రెండు కథల నిర్మాణంలో పోలికలు గమనార్హం. మొదటిది, పాత పగ. యవనిక లేచేనాటికే వైరం పాతబడి ఉంటుంది. ప్రేక్షకుడు నడుమ ప్రవేశిస్తాడు. రెండవది, దూరాననున్న ప్రతీకర్త. ఒరెస్టిస్ పరదేశంలో ఉంటాడు. పాపారాయుడు రాజాంలో ఉంటాడు. అతడు సమయానికి చేరుకోలేకపోవడమే విషాదాన్ని సాధ్యం చేస్తుంది. మూడవది, గానబృందం. గ్రీకు రంగస్థలంపై బృందం జరిగినదాన్ని తలచి, జరుగబోయేదానికి భయపడుతుంది. మన బుర్రకథలో తంబురా పట్టిన కథకునికి ఇరువైపుల నిలిచిన వంతలు ప్రశ్నిస్తూ, వ్యాఖ్యానిస్తూ కొంతవరకు ఇదే పని చేస్తారు. నాలుగవది, చూపించక చెప్పడం. అగమెమ్నాన్ హత్య భవనం లోపల జరుగుతుంది. బయట ఆర్తనాదం మాత్రమే వినబడుతుంది. బొబ్బిలి కోటలోని ఆత్మాహుతిని కూడా కథకుడు గొంతుతోనే చూపగలడు. వినికిడిలోనే శ్రోత ఊహ మేల్కొంటుంది.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. మరణాన్ని రంగస్థలంపై చూపరాదన్నది సంస్కృత నాట్య సంప్రదాయం. ఆధునిక తెలుగు రంగస్థలానికి విషాదాంతం పందొమ్మిదవ శతాబ్ది చివరలో గాని రాలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ‘విషాద సారంగధర’ను తొలి విషాదాంత నాటకంగా పేర్కొంటారు. కాని పండితుల రంగస్థలం దూరంగా ఉంచినదానిని జానపద కథకుడు అంతకు మునుపే ఊరి నడిబొడ్డున పాడాడు. దిట్టకవి నారాయణకవి ‘రంగారాయ చరిత్రము’ కావ్యంగా, జంగం కథలు గేయంగా, తరువాత వేదం వేంకటరాయశాస్త్రి మొదలైనవారి రచనలు నాటకంగా, 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ చలనచిత్రంగా ఆ గాథను తరతరాలకు అందించాయి.

పోలికలకంటె భేదమే ముఖ్యం. బొబ్బిలి గాథ రెండవ నాటకంతోనే ముగుస్తుంది. ప్రతీకారం తీరింది, వీరుడు ఒరిగాడు, శ్రోత కన్నీరు తుడుచుకొని లేచాడు. మూడవ నాటకం, అనగా విచారణ, మన కథలో లేదు. ఈస్కిలస్ క్లైటెమ్నెస్ట్రాకు ఆమె మాట చెప్పుకొనే అవకాశం ఇచ్చాడు. ఎరినీలకు సైతం న్యాయసభలో వాదన కల్పించాడు. మన కథకుడు విజయరామరాజుకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఆయనకు ప్రతినాయకుని పాత్ర మాత్రమే మిగిలింది. పరాయి సైన్యాన్ని ఇరుగుపొరుగు పగలోనికి దింపిన రాజకీయం, తమ మాట ఎవరూ అడుగకుండానే ప్రాణాలు కోల్పోయిన స్త్రీలు, పసివారు - వీరగాథ వెలుగులో ఇవన్నీ వెనుకకు పోయాయి.

చరిత్ర మాత్రం అక్కడ ఆగలేదు. విజయరామరాజు మరణంతో బుస్సీ ఒక బలమైన మిత్రుని కోల్పోయాడు. వారసుడైన ఆనందరాజు ఫ్రెంచివారిపట్ల విముఖుడై, 1758లో వారి నుండి విశాఖపట్టణాన్ని పట్టుకొని ఆంగ్లేయులను ఆహ్వానించాడు. క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ ఆ డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచిసేనను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్టణాన్ని వశపరచుకొన్నాడు. డేరాలోని ఆ హత్య ఒక్కటే దీనికంతటికీ కారణమనలేము. కాని దారి మళ్లిన మలుపులలో అదొకటి. ఒకనాటి నీటి తగాదా, ఒక రాత్రి కత్తిపోటు, కొద్ది సంవత్సరాలలోనే తెలుగు తీరమంతటి భవితవ్యంతో పెనవేసుకొన్నాయి. పగ తీర్చుకొన్నవారికి గాని, దానికి బలియైనవారికి గాని ఈ ఫలితం ఊహకందినది కాదు.

పాపారాయుని సాహసాన్ని తక్కువచేయడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. ఆ సాహసాన్ని పాడుకొనే హక్కు జాతికి ఉన్నది. అయితే కవి ఆపిన చోట చరిత్రకారుని పని మొదలవుతుంది. ఇరుపక్షాల సాక్ష్యాన్నీ వినడం, మౌనంగా మరణించినవారిని లెక్కలోనికి తీసుకొనడం, పగకు ఆవల ఏమి జరిగిందో చెప్పడం - అరియోపగస్ గుట్టపై గ్రీకు కవి ప్రేక్షకులకు చూపినది ఇదే. బొబ్బిలి గాథకు లోపించిన ఆ మూడవ అంకాన్ని సమకూర్చవలసిన బాధ్యత నేటి పరిశోధకులది, వారిని చదివే మనందరిది.