వెడల్పు పాదానికి బూటు కుదిరిన వైనం

1912లో అమెరికా సైన్యం సిపాయిల బూట్ల గురించి ఒక ఉత్తర్వు జారీ చేసింది. కొలత తీసుకునేటప్పుడు సిపాయి వీపు మీద 40 పౌన్ల మూట, అంటే 18 కిలోల పైచిలుకు మోత ఉండాలి. ఒంటి బరువంతా కొలిచే కాలి మీదే మోపాలి. కొత్త బూట్లు తొడుక్కున్నాక రెండున్నర అంగుళాల నీళ్ళలో ఐదు నిమిషాలు నిలబడాలి. తోలు బాగా నానాక చదును నేల మీద గంటసేపు నడిచి, కాళ్ళకుండగానే ఆరబెట్టుకోవాలి.

ఈ తతంగమంతా సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ లైమన్ మన్సన్ పుణ్యం. ఆయన ఉన్న సంఘం నాలుగేళ్ళపాటు దాదాపు 2,000 మంది సిపాయిల పాదాలు పరీక్షించింది. ఆనెలు, పొక్కులు, ఒకదాని మీదికొకటి ఎక్కిన వేళ్ళు... తప్పు పాదాలది కాదు, బూట్లదని తేలింది. కుర్చీలో కూర్చున్నవాడి పాదానికీ, మూట మోస్తూ నిలబడ్డవాడి పాదానికీ పొడవులోనూ వెడల్పులోనూ తేడా ఉంది. అందుకే మన్సన్ బూట్లు కుట్టే చెక్క అచ్చునే మార్చేశాడు. బొటనవేలి వైపు అంచు తిన్నగా, వేళ్ళ దగ్గర విశాలంగా, మడమ దగ్గర బిగువుగా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్ళిన అమెరికన్ సైనికుల బూట్లు ఈ అచ్చు మీద కుట్టినవే. కొన్ని అమెరికన్ బూట్ల కంపెనీలు ఇవాళ్టికీ ‘మన్సన్ లాస్ట్’ (మన్సన్ అచ్చు) అని చెప్పుకుని మరీ అమ్ముతున్నాయి.

నిజానికి ఈ ఆలోచన పాతదే. డచ్చి వైద్యుడు పెట్రస్ కాంపర్ 1781లోనే మంచి చెప్పు ఎలా ఉండాలో పుస్తకం రాశాడు. 1850ల్లో జ్యూరిక్ శరీరశాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్, బొటనవేలి మధ్య నుంచి గీసిన గీత మడమ మధ్యకు చేరాలని గీత గీసి మరీ చూపించాడు. సూదిమొన బూట్ల మోజులో ఉన్న జనం ఎందుకు వింటారు? కుంటే సిపాయి కవాతుకు పనికిరాడు గనక సైన్యం వినక తప్పలేదు.

ఇక వెడల్పుకు కొలబద్ద కావాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో చెప్పుల దుకాణదారు కొడుకు చార్లెస్ బ్రానక్ 1920ల్లో దాన్ని తయారుచేశాడు. తొలి నమూనాను పిల్లలు ఆడుకునే ఎరెక్టర్ సెట్ ముక్కలతో బిగించాడట. ఆ లోహపు పళ్ళెంలో మడమ ఆనించడానికి ఒక గుంట, వెడల్పు కొలవడానికి జరిపే పట్టీ ఉంటాయి. పక్కనే ఇంకో చిన్న సూచిక ఉంటుంది. మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే కీలు దాకా ఎంత దూరమో చెప్పేది అదే. అమ్మేవాళ్ళు తరచూ వదిలేసేది దాన్నే, అసలు కిటుకు ఉన్నదీ దాంట్లోనే.

బూటు వంగేది ఆ కీలు దగ్గర. వెడల్పు పాదం ఉన్నవాళ్ళకి దుకాణంలో “ఒక సైజు పెద్దది వేసుకోండి సార్” అంటారు. కాస్త వెడల్పు పెరిగే మాట నిజమే. దాంతోపాటు బూటు వంగే చోటు కూడా ముందుకు జరిగిపోతుంది. కొండ ఎక్కేటప్పుడు మడమ లేస్తుంది, దిగేటప్పుడు పాదం ముందుకు జారి గోళ్ళు నల్లబడతాయి. అమెరికా పద్ధతిలో మగవాళ్ళ మామూలు వెడల్పు డి, వెడల్పు పాదానికి 2ఇ, ఇంకా వెడల్పైతే 4ఇ. మన దుకాణాల్లో చాలా పెట్టెల మీద 7, 8, 9 అన్న అంకెలే తప్ప ఈ అక్షరాలు కనబడవు.

మన పాదాలకైతే ఈ అక్షరాల అవసరం మరీ ఎక్కువ. దక్షిణ భారతంలో చెప్పుల్లేకుండా నడిచే అలవాటున్న వాళ్ళ పాదాలు పాశ్చాత్యుల పాదాలకంటే వెడల్పని 2009లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 1,01,880 మంది పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిపించింది. భారతీయుల పాదాలు సగటున యూరప్, అమెరికా వాళ్ళవాటికంటే వెడల్పని అక్కడా తేలింది. దాన్నిబట్టి ‘భ’ అనే సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించారు.

పెట్టె మీద అక్షరం లేకపోయినా దుకాణంలోనే చూసుకునే ఉపాయం ఒకటుంది. బూటులోంచి ఇన్‌సోల్ బయటికి లాగి, ట్రెక్కింగ్‌కి వేసుకునే మేజోడుతో దాని మీద నిలబడాలి. చిటికెనవేలి పక్కన పాదం అంచు దాటి బయటికి వస్తే, ఎంత పెద్ద బ్రాండైనా ఆ బూటు పెట్టెలో పెట్టేయడమే.