కంపైలరు తెలివి – డ్రైవరు చిక్కులు

కంప్యూటరునకు జోడించిన డిస్కు, అచ్చుయంత్రము మున్నగు పరికరములను నడపు ప్రోగ్రామును డ్రైవరు అందురు. మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. అది కేవలము మార్చి ఊరకుండదు. అనవసరమని తోచిన పనిని తొలగించి వేగమును పెంచును. 1957లో జాన్ బాకస్ బృందము ఐ.బి.యం. 704 యంత్రమునకై తయారుచేసిన ఫోర్ట్రాన్ కంపైలరే ఈ విద్యలో ఆరితేరినది. లెక్కలకు ఇది వరమే. డ్రైవర్లకు మాత్రము కాదు. ఎందుచేత?

1970లో వెలువడిన పి.డి.పి.-11 యంత్రమును చూడుడు. అందు పరికరములతో మాటలాడుటకు ప్రత్యేకమైన ఆదేశములు లేవు. మెమొరీ చిరునామాలలో చివరి 8 కిలోబైట్లను పరికరముల రిజిస్టర్లకు విడిచిరి. టైపుయంత్రమునకు ఒక అక్షరము పంపవలెనన్న, దాని స్థితిని తెలుపు రిజిస్టరులో "సిద్ధము" అను బిట్టు 1 అగువరకు మరల మరల చదువుచుండవలెను. పిదప అక్షరమును పక్క రిజిస్టరులో వ్రాయవలెను. 1973లో బెల్ లేబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ కెర్నెలును సి భాషలో తిరుగవ్రాసినపుడు డ్రైవర్లు కూడ ఆ భాషలోనికి వచ్చినవి. ఆనాటి చిన్న కంపైలరు చాలవరకు చెప్పినది చెప్పినట్లు చేసెడిది. కనుక చిక్కు బయటపడలేదు.

తరువాతి కంపైలర్లు తెలివి మీరినవి. "ఈ లూపులో ఆ చోట ఎవరును వ్రాయుట లేదు గదా, ఒకసారి చదివిన చాలు" అని అవి తీర్మానించును. పొయ్యిమీది పాలను ఒకసారి చూచి, నేను ముట్టుకొనలేదు గనుక పొంగవు అనుకొనుట వంటిదిది! పరికరము సిద్ధమైనను డ్రైవరు పాత విలువనే పట్టుకొని అంతులేక తిరుగుచుండును. ఒకే రిజిస్టరులో వెంటవెంట రెండు ఆజ్ఞలు వ్రాసినచో మొదటిది వ్యర్థమని కొట్టివేయబడవచ్చును. వేగము పెంచు పనినే ఆపివేసిన డ్రైవరు సరిగా నడచును గాని నెమ్మదించును.

నిజమునకు తప్పు కంపైలరుది కాదు. "ఈ చోటు దానంతట అదే మారును" అని చెప్పుటకు భాషలో మాటయే లేదు. 1989 నాటి అమెరికన్ సి ప్రమాణము ఆ మాటను సమకూర్చినది. అదియే వోలటైల్. ఈ గుర్తుగల చోటును ప్రోగ్రాము చెప్పిన ప్రతిసారియు చదివి తీరవలెను, వ్రాసి తీరవలెను.

మందు దొరికినదని దానిని అన్నిటికిని పూయుట మనకు అలవాటు. సామాన్యమైన దత్తాంశమునకు సైతము ఈ గుర్తు తగిలించిన, కంపైలరు ప్రతిసారి మెమొరీకి పరుగెత్తును. క్షణమునకు వేల ప్యాకెట్లను అందుకొను నెట్‌వర్కు డ్రైవరుకు ఇది భారము. పైగా ప్యాకెట్టును మామూలు మెమొరీలో నింపి, ఆ పిమ్మట "పంపుము" అని పరికరమునకు చెప్పినను, నింపు పనిని కంపైలరు వెనుకకు జరుపకుండ ఈ గుర్తు ఆపజాలదు. అందుచేత 1991లో మొదలైన లినక్స్‌లో ఈ గుర్తును పరికరములను చదువు, వ్రాయు కొద్ది ఫంక్షన్ల లోపలనే దాచి, వరుస తప్పరాని చోట "బారియర్" అను అడ్డుగోడను నిలుపుదురు. కంపైలరు కొరకు మాత్రమే నిలుపు బారియరునకు యంత్రభాషలో ఒక్క ఆదేశమైనను పుట్టదు. ప్రాసెసరు తానే వరుస మార్చు చోట మాత్రము నిజమైన ఆదేశమే కావలెను. దానికి కొంత కాలము వ్యయమగును.