పట్టూ విడుపూ

ఆ శనివారం మా అక్కయ్య ఇంట్లో భోజనాల బల్ల మీద కంచం పెట్టడానికి చోటు లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రెండు స్కీలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. పక్కన డ్రిల్లు, కత్తెర, జిగురు సీసా, గుప్పెడు మరమేకులు, ఒక జత ఇనప సామాను. అక్కయ్య ఉండేది అమెరికాలో, డెన్వర్‌లో. అక్కడి కొండల మీద చలికాలమంతా మంచే. ఆ మంచు మీద జారడం నేర్చుకుంటోందావిడ. "ఈ వయసులో ఇదేం సరదా అక్కయ్యా?" అన్నందుకు "ఏ వయసులోనే?" అని కళ్ళెర్రజేసింది. నేను నోరు మూసుకున్నాను.

"పిన్నీ, ఊరికే కూర్చోకు. ఆ వాక్యూమ్ క్లీనరు గొట్టం పట్టుకో. పొట్టు లేవగానే పీల్చెయ్యాలి" అన్నాడు అక్కయ్య కొడుకు. వాడు ఇంజనీరు.

"షాపులో ఇస్తే వాళ్ళే బిగించి పెడతారు కదరా?"

"పెడతారు. డబ్బు తీసుకుని మరీ పెడతారు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

బ్రహ్మవిద్యో కాదో నాకు తెలీదు గానీ, చూస్తూంటే మాత్రం గుండె దడదడలాడింది. స్కీ ఒకచోట కొంటారు, దానికి బూటును పట్టి ఉంచే బైండింగు వేరే కొంటారు. ఆ రెంటినీ కలపడమే ఇక్కడ పని. స్కీ నడుమ కంపెనీవాళ్ళు ఒక గీత వేసి ఉంచుతారు. బూటు పక్కన కూడా ఒక గీత ఉంటుంది. రెండు గీతలూ కలవాలి. చిల్లులు ఎక్కడెక్కడ పడాలో అచ్చువేసిన కాగితాన్ని స్కీ మీద నిలువునా సరిగ్గా నట్టనడుమ అతికించి, ప్రతి చుక్క మీదా పదునైన మొలతో చిన్న గుంట కొట్టి, ఆ గుంటలో బరమా దింపాలి. ఎంత లావు ములుకు, ఎంత లోతు అన్నది చాలా స్కీల మీద అచ్చువేసే ఉంటుంది. వీటి మీద 4.1 మిల్లీమీటర్లు, 9 మిల్లీమీటర్లు అని ఉంది. మావాడు ములుక్కి కొస నుంచి 9 మిల్లీమీటర్లు కొలిచి రంగు టేపు చుట్టాడు. టేపు స్కీకి తగలగానే ఆగిపోవాలన్నమాట. ఆగకపోతే? ములుకు అడుగు పొరలోకి దిగిపోతుంది. పోనీ చిల్లు పక్కకు పోతే? రవిక కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. ఇది అలా కాదు. పాత చిల్లు పూడ్చి, దానికి దూరంగా ఇంకోటి వెయ్యాల్సిందే.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. యంత్రాలు నాకు పడవు. కానీ ఏ వస్తువైనా సరే, ఇది మొదట ఎవరింట్లో పుట్టిందా అని ఆరా తీయకపోతే నిద్రపట్టదు. అక్కయ్య ఊళ్ళో లైబ్రరీలు బ్రహ్మాండంగా ఉంటాయి. వారం రోజులు అదే పని పెట్టుకున్నాను.

స్వీడన్ ఉత్తరాన కాల్వ్‌ట్రాస్క్ అనే చోట 1924లో చిత్తడినేల తవ్వుతుంటే ఒక జత చెక్క స్కీలు దొరికాయి. వాటి వయసు దాదాపు 5,200 ఏళ్ళు. పాదం మోపేచోట నాలుగు చిల్లులున్నాయట, తోలు పట్టీ దూర్చి కట్టుకోవడానికి! ఆ మాట చదివి నేను గట్టిగా నవ్వేశాను. అయిదువేల ఏళ్ళ కిందటా ఎవరో మహానుభావుడు చెక్కను ముందు పెట్టుకుని, చిల్లు ఎక్కడ వెయ్యాలా అని తల గోక్కునే ఉంటాడు. వాళ్ళావిడ పక్కనుంచి "చూసి వెయ్యండి, మళ్ళీ చెక్క దొరకదు" అనే ఉంటుంది. ఇది చరిత్రలో లేదు, నా కల్పన.

నార్వేలో ఇంకా విచిత్రం జరిగింది. డిగర్‌వార్డెన్ అనే కొండ మీద మంచు కరుగుతుంటే 2014లో ఒక స్కీ బయటపడింది. దాని జత కోసం పరిశోధకులు ఏటా కన్నేసి ఉంచారు. ఏడేళ్ళకు, 2021లో, మొదటిది దొరికిన చోటికి దగ్గర్లోనే రెండోది దొరికింది. 187 సెంటీమీటర్ల పొడవు, 17 సెంటీమీటర్ల వెడల్పు. రెండూ 1,300 ఏళ్ళ నాటివి. రెండూ ఒక కొలత కావు. వాడి వాడి అరిగి, మరమ్మతు చేసుకున్న గుర్తులు కూడా ఉన్నాయి. అయితే నా కళ్ళు నిలిచింది ఆ కట్టు దగ్గర. మెలిపెట్టిన బర్చి కొమ్మలు, తోలు పట్టీ, పాదం కింది చిల్లులో బిగించిన చెక్క బిరడా. అన్నీ ఇంటి దగ్గర దొరికేవే, ఇంట్లో చేసుకున్నవే.

ఇంతకీ ఆ రోజుల్లో కష్టమంతా ఒకటే: పాదం జారిపోకుండా పట్టి ఉంచడం. మన పావుకోళ్ళు ఉన్నాయే, బొటనవేలి దగ్గర గుబ్బ తప్ప మరో పట్టు లేనివి, వాటితో గుడి మెట్లు దిగిన వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. చాలా స్కీలూ అలాగే ఉండేవి. ముందు వైపు ఒక పట్టీ, మడమకు స్వేచ్ఛ. చదునులో నడవడానికి హాయి. పల్లంలో మలుపు తిప్పితే కాలొక దారి, కట్టె ఒక దారి.

నార్వేలో టెలిమార్క్ అనే సీమ ఉంది. అక్కడ మోర్గెదాల్ అనే పల్లెలో 1825లో సోంద్రె నూర్‌హైమ్ అనే ఆయన పుట్టాడు. సొంత పొలం లేదు. కౌలుకు చేసుకుంటూ, వడ్రంగం చేసుకుంటూ బతికాడు. సన్నని కొమ్మలు మెలితిప్పి మడమ చుట్టూ తిప్పి కట్టే కట్టు పేరు ఆయనకు దక్కింది. ఆయనకు ముందు అలాంటివి లేవా అని చరిత్రకారులు వాదులాడుకుంటారు, మనకెందుకు. ఆ కట్టుతో ఆయన గంతులు వేస్తూ, మలుపులు తిరుగుతూ కొండ దిగుతుంటే జనం నోళ్ళు తెరిచారు. 1868లో రాజధాని క్రిస్టియానియాలో (ఇప్పటి ఓస్లో) పోటీకి వెళ్ళి గెలిచాడు. అప్పటికాయనకు నలభై దాటాయి! నా వయసు వాళ్ళంతా ఈ వాక్యాన్ని మరోసారి చదవవలసిందిగా కోరుతున్నాను.

కీర్తి అన్నం పెట్టలేదు. 1884లో భార్యాబిడ్డలతో అమెరికా వలసపోయాడు. చివరికి చేరింది నార్త్ డకోటాకి. కొండ జాడ లేని బయలు. అక్కడే 1897లో పోయాడు. చాలా ఏళ్ళ పాటు ఆయన సమాధి మీద పేరుగల రాయి కూడా లేదు. కాలం చిత్రమైంది. 1952లో ఓస్లోలో చలికాలపు ఒలింపిక్స్ జరిగినప్పుడు, ఆ జ్యోతిని మోర్గెదాల్‌లో ఆయన పుట్టిన ఇంటి పొయ్యిలోనే వెలిగించారు. లోకమంతా ఒక పేదింటి పొయ్యి నిప్పు తీసుకుపోయిందంటే, పొయ్యి దగ్గర సగం జీవితం గడిపే మనబోటి వాళ్ళకు ఎంత బాగుంటుంది!

ఆ తరవాత కొమ్మలు పోయి ఇనుము వచ్చింది. నార్వేవాడు హుయిట్‌ఫెల్ట్ 1890లలో స్కీకి అడ్డంగా తొర్ర తొలిపించి, ఇనప పట్టీ దూర్చి, దాని కొసలు బూటుకు రెండు చెవుల్లా పైకి వంచాడు. ఆస్ట్రియాలో జ్డార్‌స్కీ అనే ఆయన నార్వే నుంచి స్కీలు తెప్పించుకుని, తన ఊరి నిటారు కొండలకు అవి పనికిరావని తేల్చుకుని, ఏళ్ళ తరబడి ఇంటి దగ్గర తంటాలుపడి ఉక్కు బైండింగు చేసుకున్నాడు. 1896లో పుస్తకం కూడా వేశాడు.

ఇక్కడ మనకు చుట్టమొకటి తగులుతుంది. 1920ల చివర స్విట్జర్లాండ్‌లో గీ రూజ్ అనే ఆయన మడమ చుట్టూ స్ప్రింగు తీగ బిగించే బైండింగు కనిపెట్టాడు. వాళ్ళింటి వ్యాపారం పాటల పెట్టెలు, అంటే మూత తీస్తే సంగీతం వినిపించేవి! దానికాయన పెట్టిన పేరు "కాందహార్". అవును, గాంధారి పుట్టిల్లని మనం చెప్పుకునే కాందహారే. మంచు కొండలకూ దానికీ ఏమిటి సంబంధం? మన కాన్పూరులో పుట్టిన ఇంగ్లీషు సేనాని రాబర్ట్స్ 1880లో కాబూలు నుంచి కాందహారుకు దండు నడిపి, ఆ ఊరి పేరును బిరుదుగా తగిలించుకున్నాడు. ఆయన పేరు మీద 1911లో స్విట్జర్లాండ్‌లో స్కీ పందేనికి కప్పు పెట్టారు. పందెం పేరు కాందహార్, దాన్నిబట్టి క్లబ్బు కాందహార్, చివరికి కాలి కట్టు కాందహార్. ఎక్కడి గాంధారం, ఎక్కడి మడమ!

తీగ కట్టు గట్టిగా పట్టుకుంది. వేల ఏళ్ళ కోరిక తీరింది. తీరాక తెలిసింది అసలు సంగతి. పడినప్పుడు స్కీ మంచులో ఇరుక్కుని ఒకవైపు తిరుగుతుంది, మనిషి ఇంకోవైపు. కట్టు వదలదు. మధ్యలో ఉన్నది ఎముక. గట్టి కట్టే కాలు విరగ్గొట్టసాగింది.

యాల్మర్ వామ్ నార్వేలో పుట్టి అమెరికాలో పోర్ట్‌లండ్‌లో స్థిరపడినవాడు. పేరుమోసిన ఆటగాడు. 1937లో మౌంట్ హుడ్ మీద పందెం గెలిచాడు. ఆ రోజే సరదాగా మళ్ళీ కొండెక్కి దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో మత్తుమందు దిగుతూండగానే నర్సును పిలిచి కాగితం, పెన్సిలు అడిగాడట. కాలు మెలితిరిగిన క్షణాన బూటును తనంతట తాను వదిలేసే బైండింగు బొమ్మ గీశాడు. 1939లో దానికి పేటెంటు వచ్చింది. నాకు ఈ కథంతట్లోకీ ఇష్టమైన ఘట్టం ఇదే. అన్నేళ్ళూ అందరూ ఎలా పట్టుకోవాలా అనే చూశారు. ఎప్పుడు వదలాలో తట్టడానికి ఒక కాలు విరగాల్సి వచ్చింది. (మూడు ముళ్ళ సంగతి ఇక్కడ ఎత్తను. సంపాదకుల వారికి ఉత్తరాలు వస్తాయి.)

ఆ తరవాత అందరూ ఆ దారే పట్టారు. ఫ్రాన్సులో లుక్, జర్మనీలో మార్కర్ 1950 దశకంలో బయల్దేరాయి. 1947లో ఆన్సీ అనే ఊళ్ళో రంపపు బద్దలూ, స్కీల ఉక్కు అంచులూ చేసుకుంటూ తండ్రీ తల్లీ కొడుకూ ముగ్గురూ కలిసి పెట్టుకున్న కార్ఖానా సాలొమోన్ కూడా తరవాత బైండింగుల్లోకి దిగింది. కాలి ఎముకలు విరగడం బాగా తగ్గిపోయింది. మోకాలి లిగమెంట్ల బాధ మాత్రం అలా తగ్గలేదు.

ఇక మళ్ళీ మా బల్ల దగ్గరికి వద్దాం. ఎనిమిదో చిల్లు వేసేసరికి నా చెయ్యి లాగేసింది. మావాడు చిల్లుల్లో జిగురు చుక్కలు వేసి, మరమేకులు ఒక్కటే బిగువున కాకుండా ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెంగా బిగించాడు. అక్కయ్య బూటు పెట్టి నొక్కితే 'టక్' మంది. ఇక మిగిలింది ఎంత బలానికి అది వదలాలో నిర్ణయించడం. దానికొక పట్టిక ఉంది. బరువు, ఎత్తు, బూటు అడుగు పొడవు, ఆటలో నేర్పు, వయసు.

"అమ్మా, బరువు నిజం చెప్పు. తగ్గించి చెప్తే ఊరికే ఊడిపోతుంది" అన్నాడు. అక్కయ్య గొణిగింది. వాడు రాసుకున్నాడు. వయసు అడగలేదు, పాస్‌పోర్టులో ఉన్నదే కదా అని 49 వేసుకున్నాడు.

అక్కయ్యా నేనూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. బళ్ళో వేసేటప్పుడు నాన్నగారు రెండేళ్ళు తగ్గించి రాయించారు. ఆ రెండేళ్ళు సర్టిఫికెట్ల మీదుగా, పెళ్ళి శుభలేఖల మీదుగా, విమానమెక్కి అమెరికా దాకా వచ్చేశాయి. బావగారికి తెలుసో తెలీదో నాకు తెలీదు.

"వయసు తక్కువ వేస్తే ఏమవుతుందిరా?" అంది అక్కయ్య, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"యాభై దాటినవాళ్ళకు ఒక గడి తగ్గించాలమ్మా. తగ్గించకపోతే పడ్డప్పుడు ఊడాల్సింది ఊడదు. నీకింకా యాభై రాలేదుగా."

అక్కయ్య బూటు విప్పుకుంటూ తల ఎత్తకుండానే, "యాభై ఒకటి వేసుకో" అంది.

వాడు కాసేపు తల్లి వైపే చూశాడు. తరవాత ఏమీ అనకుండా 49 కొట్టేసి, స్క్రూడ్రైవరు అందుకుని, నాలుగు మరలూ ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పాడు. "రేపు షాపుకు తీసుకెళ్ళి మిషను మీద పరీక్ష చేయిస్తాను. అది మాత్రం ఇంట్లో కుదరదు" అన్నాడు.

"మరి మీ పిన్నిది కూడా చెప్పమంటావా?" అంది అక్కయ్య.

నేను వాక్యూమ్ మీట నొక్కి, బల్ల కింద పొట్టు పీల్చే పనిలో పడ్డాను.