రంగం చూసొచ్చాక

యాంగోన్‌లో మొదటి రెండు రోజులూ నేను మామూలు టూరిస్టునే. ష్వేడగాన్ పగోడా చుట్టూ చెప్పుల్లేకుండా తిరిగాను. ఫుట్‌పాత్ మీద మోకాలెత్తు కూడా లేని ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని చిక్కటి టీ తాగాను. మేడల మీంచి వీధిలోకి వేలాడే తాళ్ళు చూసి ముచ్చటపడ్డాను. పై అంతస్తుల వాళ్ళకి పేపరూ, కూరగాయల సంచీ ఆ తాడుకే తగిలిస్తారు.

విసిగించింది ట్రాఫిక్. నగరంలో మోటార్‌సైకిళ్ళు నిషేధం, అయినా రోడ్డు కదలదు. 1970లో ప్రభుత్వం బళ్ళన్నీ రోడ్డుకి కుడివైపు నడవాలంది. కార్లేమో చాలావరకు జపాన్ నుంచి వచ్చిన పాతవి, స్టీరింగ్ కూడా కుడివైపే. ముందున్న బస్సుని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో డ్రైవర్‌ కంటే ముందు పక్కసీట్లో ఉన్న నాకే కనబడేది. గట్టిగా అరవాలనిపించేది, ఏ భాషలో అరవాలో తెలీక ఊరుకునేవాణ్ణి.

మూడో రోజు నది పక్కన స్ట్రాండ్ రోడ్డులో నడుస్తూ, బ్రిటిష్ కాలపు భవనాలకి ఫొటోలు తీస్తున్నాను. ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది, మా శ్రీకాకుళం వైపు ముసలాళ్ళు ఈ ఊరిని రంగూన్ అనేవాళ్ళు కాదు, రంగం అనేవాళ్ళు. "రంగం ఎల్లిపోనాడు" అంటే కూలికి పోయాడని. ఒక్కోసారి, ఇక రాడని కూడా.

1852 యుద్ధంలో ఈ ఊరు ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది. వాళ్ళు గళ్ళు గీసినట్టు వీధులు వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి మనుషులు కావాలి. మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి కాకినాడ, విశాఖపట్నం లాంటి రేవుల నుంచి స్టీమర్లెక్కించారు. ఆ తెలుగు కూలీలకి ఇక్కడ పడిన పేరు కోరంగీలు. 1839 తుఫానులో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. పేరు మాత్రం సముద్రం దాటి ఇక్కడ బతికింది.

ఇక్కడిదాకా చెప్పుకుంటే మన కష్టం కథే. అవతలి వైపు నుంచి చూస్తే? 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. తన రాజధానిలో బర్మా మనిషి మైనారిటీ. పరాయి పాలకుడి వెనకాలే వచ్చి, తక్కువ కూలికి పనంతా పట్టుకున్న జనంగానే మనం అతనికి కనబడి ఉంటాం.

1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలోకి దించాయి. తర్వాత రాజీ కుదిరి తెలుగువాళ్ళు తిరిగొచ్చారు, బర్మా వాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన గొడవ ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఇద్దరు పేదవాళ్ళని ఒకే మూట కోసం తన్నుకునేలా చేసినవాడు మాత్రం ఆఫీసులోనే ఉన్నాడు. నేను అప్పటిదాకా ఫొటోలు తీసింది అలాంటి ఆఫీసులకే.

1941 డిసెంబర్ 23న జపాన్ బాంబులు పడ్డాయి. లక్షల మంది భారతీయులు ఓడలు దొరికితే ఓడల్లో, దొరక్కపోతే అరకాన్, మణిపూర్ కొండల మీదుగా కాలినడకన బయల్దేరారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామందిని 1964లో దుకాణాల జాతీయీకరణ కదిలించింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రాకపోకల గుర్తే.

తర్వాత స్ట్రాండ్ రోడ్డు దాటి జెట్టీ దగ్గరికి వెళ్ళాను. లుంగీలు ఎగగట్టిన కుర్రాళ్ళు పడవలోంచి బియ్యం బస్తాలు మోస్తున్నారు. అందరూ బర్మా వాళ్ళే. పని వాళ్ళకి తిరిగొచ్చింది, సరే. బరువు మాత్రం అదే వీపు మీద ఉంది. ఒకతను బస్తా దించి, నా వైపు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. కెమెరా తియ్యబుద్ధి కాలేదు.

ఆ ఊరు నచ్చిందా అని తిరిగొచ్చాక చాలామంది అడిగారు. టీ బాగుందని చెప్పాను, ట్రాఫిక్ ఘోరమని చెప్పాను. "రంగం" అన్న మాటని మా ముసలాళ్ళు ఎందుకంత మెల్లగా పలికేవాళ్ళో ఇప్పుడు కొంచెం తెలుస్తోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.